తరిమెన పని

చదరంగా కోసిన కర్రను రెండు మొనల మధ్య బిగించి, గిరగిర తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా తీర్చే వడ్రంగాన్ని తరిమెన పట్టడం అంటారు. మంచం కోళ్లు, కవ్వాలు, బొంగరాలు, కుంకుమ భరిణెలు, అప్పడాల కర్రలు ఈ పనిలో పుట్టేవే. నేటి పల్లెల్లో, పట్నాల్లో ఆ పరికరాన్ని లేతు అనడమే ఎక్కువ. తెలుగునాట ఈ పనికి ఇప్పుడు అందరికీ తెలిసిన ఊరు అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అయితే కర్రను గుండ్రం చేసే విద్య తరిమెన కంటే పాతది. తరిమెన వచ్చాక కూడా చాలా వస్తువులు దాని మీదికి ఎక్కనే లేదు.

గుంటూరు, ప్రకాశం మైదానాల రోకలి అలాంటిదే. ఒంగోలు నుంచి కర్నూలు వెళ్లే దారిలో ఉన్న చీమకుర్తికి ఈనాడు పేరు తెచ్చింది బంగారు చుక్కల నల్లరాయి, గెలాక్సీ గ్రానైట్. ఆ క్వారీల సందడికి ముందు ఈ మెట్ట ఊళ్లలో వడ్రంగి చేతికి తెరిపి ఇవ్వనివి బండ్లు, నాగళ్లు, మిరపకాయలు దంచే రోకళ్లు. చేలగట్ల మీద పెరిగే నల్లతుమ్మ గట్టి కర్ర, నీటికీ దెబ్బకీ ఓర్చుకుంటుంది. కానీ నిలువెత్తు రోకలిని తాడుతో లాగే తరిమెన మీద తిప్పడం మాటలు కాదు. బరువు ఎక్కువ, పొడవు ఎక్కువ, నడుమ ఊగిపోతుంది. అందుకే దాన్ని బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, అడుగున ఇనుప పొన్ను తొడిగేవారు. ఎద్దుబండి చక్రం ఆకులదీ అదే కథ. చక్రం నడిమి దిమ్మలో దిగే కొన పలకగానే ఉండాలి, మిగతాది మాత్రం నునుపు తేలాలి. ఒకే కర్రలో రెండు ఆకారాలు కావాలంటే చేతిపనే మేలు.

ఆ చేతిపనికీ ఓ లెక్క ఉంది. నాలుగు పలకల కర్రను ఒక్కసారిగా గుండ్రం చేయబోతే వంకర పోతుంది. ముందు నాలుగు అంచులూ తీసి ఎనిమిది పలకలు చేయాలి, తర్వాత పదహారు, ఆపైన చిత్రికకు దొరికిన మిట్టనల్లా తీసేస్తూ పోవాలి. తొలి కోత ఎక్కడ ఆగాలో తెలియడమే ఇందులో అసలు కిటుకు. పలక వెడల్పును 24 భాగాలు చేస్తే రెండు వైపుల నుంచీ ఏడేసి భాగాల దగ్గర గీత పడాలి, నడుమ పది భాగాలు మిగలాలి. అప్పుడు ఎనిమిది పలకలూ దాదాపు సమానంగా వస్తాయి. ఓడల తెరచాప స్తంభాలు చేసే పాశ్చాత్య వడ్రంగులు ఈ 7–10–7 కొలతతో ప్రత్యేకంగా ఒక గీతకర్ర చేసుకునేవారు. గణితం ప్రకారం పది సెంటీమీటర్ల పలక మీద ఆ గీత అంచు నుంచి 2.93 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. 24 భాగాల లెక్కలో 2.92 వస్తుంది. చెక్క పనిలో ఆ తేడా ఉలి మందం ముందు ఏపాటిది?

ఎంత నేర్పరి చేసినా కొంత కర్ర పోక తప్పదు. చదరంలో పట్టే అతిపెద్ద గుండ్రం ఆ చదరంలో 78.5 శాతమే. మిగతా ఐదో వంతు పైచిలుకు పొట్టై పొయ్యిలోకి పోతుంది.

తరిమెన సూత్రం దీనికి తలకిందులు. చేతిపనిలో కర్ర కదలదు, పనిముట్టు దాని చుట్టూ తిరుగుతుంది. తరిమెన మీద కర్ర తిరుగుతుంది, ఉలి నిలకడగా ఉంటుంది. చదరం మొహం మీద మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే అవి కలిసిన చోటే నడిబొడ్డు. అక్కడ మొన దిగితే చాలు, గుండ్రం తనంతట తానే వస్తుంది. ఈజిప్టులో క్రీస్తుపూర్వం 300 ప్రాంతపు పెటోసిరిస్ సమాధి గోడ మీద ఈ పని చేస్తున్న ఇద్దరి బొమ్మ ఉంది. ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టారు. మన దేశపు పాత తరిమెన కూడా ఈ కుదురుదే. కర్రకు తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతారు, పనివాడు నేల మీద కూర్చుని ఉలిని చేత్తో పట్టి, కాలివేళ్లతో అదుపు చేస్తాడు. కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరుగుతుంది కాబట్టి ముందుకు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. అంటే సగం శ్రమ గాలికి పోయినట్టే. కాలితో తొక్కే చక్రం, ఆ తర్వాత కరెంటు మోటారు వచ్చాకే కర్ర ఒకే వైపు ఆగకుండా తిరగడం మొదలైంది.

రాతి విషయానికొస్తే, 1163 నాటి హనుమకొండ వేయి స్తంభాల గుడిలోనూ, 1213 నాటి రామప్ప గుడిలోనూ స్తంభాల మీద కనిపించే వలయాలు అచ్చం తరిమెన పట్టిన కోళ్లలాగే ఉంటాయి. అంత బరువైన రాతిని నిజంగా తిప్పారా, లేక చేత్తోనే చెక్కి నునుపు చేశారా అన్నది వేరే చర్చ. కర్రలో అలవాటైన సొగసును శిల్పులు రాతిలోకి దించారన్నది మాత్రం చూడగానే తోస్తుంది.

ఏటికొప్పాకలో కథ చదరపు కర్రతో మొదలుకాదు. ఇక్కడి కర్ర అంకుడు. చిన్నపాటి చెట్టు, తెల్లటి మెత్తని చెక్క, సన్నని పోగు, పెద్దగా పెచ్చులూడకుండా ఉలికి లొంగే గుణం. కొమ్మల్నే ముక్కలుగా కోసి, బెరడు తీసి, నిదానంగా ఆరబెట్టి తరిమెనకు ఎక్కిస్తారు. తొందరపడి ఆరబెడితే నడిమి మూలుగ నుంచి పగులు పుడుతుంది. బొమ్మ ఎంత లావు ఉండాలో చెట్టే నిర్ణయిస్తుంది. ఏటికొప్పాక సరుకంతా గుప్పిట్లో ఇమిడే లక్కపిడతలు, బొంగరాలు, గిలకలు, భరిణెలు కావడానికి పిల్లల మీద ప్రేమ ఒక్కటే కారణం కాదు, అంకుడు మాను సన్నదనం కూడా.

ఇక రంగు. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్కకడ్డీని గట్టిగా అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు అంటుకుంటుంది. దాని మీద మొగలి ఆకు ఒత్తి పట్టుకుంటే లక్క సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. కుంచె లేదు, ఆరే దాకా కాచుకోవడం లేదు. తిరగడం ఆగితే రంగూ లేదు. తెలుగునాట మిగతా తరిమెన పనులు సన్నగిల్లినా ఏటికొప్పాక నిలిచిందంటే, ఆకారం తీయడం, రంగు వేయడం ఒకే యంత్రం మీద, ఒకే బిగింపులో ముడిపడి ఉండటం ముఖ్య కారణమని చెప్పవచ్చు. మంచం కోడును ఏ ఊరి మిల్లులోనైనా తిప్పించుకోవచ్చు. లక్క పనికి మాత్రం ఆ చేయే కావాలి.

అంకుడు చెట్టుకు రంగుతో ఇంకో బంధం ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర సామర్లకోటలో ఉండి మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ దీని ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చని రాశాడు. నేడు శాస్త్రజ్ఞులు వాడే రైటియా టింక్టోరియా అన్న పేరులో రెండో సగం, రంగుకు పనికొచ్చేదన్న అర్థంతో, ఆయన పెట్టినదే.

లక్కలో పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటివి కలిపే పాత పద్ధతిని ఒక దశలో చవకైన రసాయన రంగులు వెనక్కు నెట్టాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు ఆ రంగులు తగవు, విదేశీ కొనుగోలుదారులు అసలే ఒప్పుకోరు. ఆ ఊరికే చెందిన సి.వి.రాజు మొక్కల రంగుల్ని మళ్లీ పరీక్షించి, లక్కలో నిలిచేలా కుదిర్చి, కళాకారుల చేత వాడించారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020 ఆగస్టులో ప్రధాని నరేంద్ర మోదీ తన రేడియో ప్రసంగంలో రాజు కృషిని ప్రస్తావించారు. 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే.

పేరుప్రతిష్ఠల కంటే పెద్ద మేలు ఒక చిన్న సడలింపు వల్ల జరిగింది. బొమ్మలన్నింటికీ నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసే కేంద్ర ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నమూనాల పరీక్ష, లైసెన్సు, సొంత ప్రయోగశాల వంటివి ఇంటి అరుగు మీద తరిమెన పెట్టుకున్నవారి తాహతుకు మించినవి. నమోదైన చేతివృత్తుల వారి బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ ఆ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇవ్వడంతో గండం గడిచింది. 2017 నాటి ధ్రువపత్రం గోడకు తగిలించుకునే పటంగా మిగలక, బతుకుతెరువుకు అక్కరకొచ్చింది.

ఇదే అంకుడు జాతి కర్రతో, ఇదే లక్కతో కర్ణాటకలోని చన్నపట్టణ కూడా బొమ్మలు చేస్తుంది. అక్కడి వారు ఆ కళను టిప్పు సుల్తాన్ ఆదరణకు ముడిపెడతారు. గుజరాత్‌లోని సంఖేడా వారు టేకును తరిమెన పట్టి కుర్చీలు, ఊయలలు చేసి లక్క పూస్తారు. పెద్ద కర్ర, పెద్ద సరుకు, పెద్ద ధర.

మైదానాల్లో తరిమెన పని వేరే దారి పట్టింది. పందిరి మంచాలు, పట్టెమంచాల కోళ్లు, మండువా ఇళ్ల స్తంభాలు, మెట్ల కటకటాల కడ్డీలు ఒకప్పుడు వడ్రంగి చేతి నమూనాలే. ఒక ఊరి కోడుకూ ఇంకో ఊరి కోడుకూ పోలిక ఉండేది కాదు. కరెంటు లేతు వచ్చి పనిని వేగం చేసింది. కంప్యూటరు నడిపే లేతు మీద నమూనా ఒకసారి ఎక్కిస్తే వందో కోడు కూడా మొదటిదానికి అచ్చు దిగుతుంది. ఆ పనిలో వడ్రంగికి మిగిలేది కర్ర బిగించడం, తీయడం.

ఏటికొప్పాకలో మోటారు వచ్చినా ఉలి, లక్కకడ్డీ చేతిలోనే ఉన్నాయి. తాడు లాగే రెండో మనిషి అవసరం మాత్రం తీరిపోయింది. ఇప్పుడు కొరత కర్రది. అడవుల్లో అంకుడు తగ్గింది, ఆరిన మంచి కర్ర దొరకడం కష్టమైంది. నరికిన మోటు నుంచి మళ్లీ చిగురించే జాతి కాబట్టి, తోటగా పెంచి కొమ్మలు మాత్రమే కోసుకుంటే ఏటేటా కర్ర అందుతుంది. ఊరి చుట్టుపక్కల అంకుడు నాటించాలని కళాకారులు అడుగుతున్నది ఇందుకే.