రోడ్ల పద్దులో సినిమా

ముప్పై మూడేళ్ళు ట్రెజరీలో బిల్లులు పాసు చేసినవాణ్ణి. ఏ ఖర్చు ఏ పద్దు కింద పడాలో చూడటమే నా ఉద్యోగం. అందుకే బెంగాలీ చిత్రం 'పథేర్ పాంచాలి' అనగానే నాకు ముందు గుర్తొచ్చేది దాని పద్దు!

కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీ ఉద్యోగి సత్యజిత్ రాయ్ 1952 అక్టోబరులో, సెలవు రోజులు చూసుకుని షూటింగు మొదలుపెట్టారు. రెల్లు పూసిన బయలులో పిల్లలు రైలు చూసే ఘట్టం. వారం తిరిగి వెళ్తే పూలన్నీ పశువులు మేసేశాయి. మళ్ళీ పూసేదాకా ఆగారు. కెమెరా పట్టిన సుబ్రత మిత్రకు అదే మొదటి సినిమా. పెట్టుబడికి ఎవరూ ముందుకు రాలేదు. ఇన్సూరెన్సు పాలసీ, గ్రామఫోను రికార్డులు, చివరికి భార్య బిజయగారి నగలూ పోయాయి. అయినా చాలక పని నెలల తరబడి ఆగింది. ముసలి అత్త వేషం వేసిన చునీబాలాదేవికి ఎనభై ఏళ్ళు. ఆవిడకేమైనా అయితే తీసిందంతా బూడిదలో పన్నీరే.

ఆఖరికి ముఖ్యమంత్రి బి.సి. రాయ్ (బంధువేమీ కాదు) ప్రభుత్వ సొమ్ము ఇప్పించారు. సినిమాకి పద్దెక్కడిది? పేరులో 'బాట' ఉంది కదా అని కాబోలు, రోడ్ల అభివృద్ధి కింద రాసుకున్నారు. మన ఆడిట్‌వారైతే ఊరుకునేవారా! ఆ డబ్బూ వాయిదాల్లోనే. వానాకాలంలో చేతిలో పైసా లేక, వాన ఘట్టం అక్టోబరులో మబ్బుకోసం కాచుకుని తీశారు.

1955 ఆగస్టు 26న విడుదలైంది. 1956లో కాన్ ఉత్సవంలో బహుమతి వచ్చింది. ప్రభుత్వానికి పెట్టుబడి లాభంతో తిరిగొచ్చింది. ఆ లాభంలో రాయ్‌గారికి వాటా లేదు. నిజంగా రోడ్డే వేసుంటే, కంట్రాక్టరు లాభం పది శాతం ఎస్టిమేటులోనే పడేది.