విమానం మీద నిజాం పేరు... లోపల ఎవరి బిడ్డ?

ఈ ఎపిసోడ్ మా కంభం చెరువు కట్ట మీద నుంచే చెప్తున్నా. గాలి శబ్దం వస్తే ఏమనుకోవద్దు. ఇవాళ మాట్లాడుకునేది ఇక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో, యుద్ధ విమానాల్లో చచ్చిపోయిన కుర్రాళ్ల గురించి. వాళ్లకీ మనకీ ఏం సంబంధం అంటారా? ఉంది, చెప్తా.

1800 దాకా కంభం నిజాం ఏలుబడిలో ఉండేది. ఆ ఏడు దత్తమండలాలతో పాటు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. అట్లా మనం మద్రాసు వైపు, తెలంగాణ నిజాం వైపు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటన్‌కి డీహెచ్ 9ఏ అనే బాంబర్ విమానాలు కానుకగా ఇచ్చాడు. వాటిని నడిపిన దళానికి 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అని పేరొచ్చింది. నిజాం ఇచ్చాడు అంటాం గానీ, ఆ ఖజానాలోకి పెద్ద రాబడి భూమి శిస్తే. అంటే ఎక్కడో ఒక రైతు చెమట కూడా అందులో ఉన్నట్టే.

ఆ విమానంలో ఇద్దరే. ముందు పైలట్, వెనక అబ్జర్వర్. పైన కప్పు లేదు, చలి కోసేస్తుంది. వెనక కుర్రాడే మిషన్ గన్ పట్టుకుని, వెంటపడే శత్రు విమానాలతో కొట్లాడాలి. అప్పట్లో బ్రిటిష్ విమాన సిబ్బందికి పారాచూట్లు ఇచ్చేవాళ్లు కాదు. విమానం అంటుకుంటే దూకి బతికే దారే లేదు.

1918 అక్టోబర్ 21న ఈ దళం జర్మనీ మీదికి 13 విమానాలతో పోయింది. 7 తిరిగి రాలేదు. కొందరు ఖైదీలయ్యారు, కొందరు ప్రాణాలే వదిలారు. ఇంకో మూడు వారాలకు, నవంబర్ 11న, యుద్ధం ఆగిపోయింది. ఆ మూడు వారాలు దాటి ఉంటే ఇంటికి పోయేవాళ్లు కదా!

అక్టోబర్ 5న జర్మన్లకు చిక్కిన ఇదే దళం విమానం ఒకటి, ఎఫ్ 1010, ఇప్పుడు లండన్ హెండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. దాని పక్కన నిజాం కానుక అని రాసి ఉంటుంది. ఫోటో చూడండి.

రెండో యుద్ధంలోనూ అదే కథ. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబర్ 4న, ఈ దళం నుంచి 5 బ్లెన్‌హైమ్ బాంబర్లు జర్మన్ యుద్ధ నౌకల మీదికి వెళ్లాయి. ఒకటి తిరిగి రాలేదు. దాని పైలట్ పేరు హెచ్.ఎల్. ఎమ్డెన్. అతని విమానం కూలింది ‘ఎమ్డెన్’ అనే నౌక మీదే! అదే పేరున్న పాత నౌక 1914 సెప్టెంబర్ 22న మద్రాసు మీద గుండ్లు కురిపించింది. అప్పుడు కంభం కూడా మద్రాసు రాజ్యంలోదే.

ఎమ్డెన్ పేరు ఆ వింత పోలిక వల్ల పుస్తకాల్లో మిగిలింది. అతనితో పాటు చనిపోయిన సిబ్బందిని ఎవరు తలుచుకుంటున్నారు?

మన రాయలసీమ, పడమటి ప్రకాశం పల్లెల్లో వీరగల్లులు చూసే ఉంటారు. కొట్లాటలో ప్రాణమిచ్చినవాడి బొమ్మ రాతి మీద చెక్కి నిలబెట్టేవాళ్లు. కత్తి కొనిచ్చిన దొర బొమ్మ కాదు, కత్తి పట్టి పడిపోయినవాడి బొమ్మ. ఆ విమానం మీద మాత్రం ఇచ్చినాయన పేరు ఉంది. ఎక్కినవాళ్ల పేరు లేదు, శిస్తు కట్టినవాళ్ల పేరు అసలే లేదు.

వాళ్లు వేసిన బాంబుల కింద కూడా మనుషులు పోయారు, అది మరవొద్దు. అయినా వెనక సీట్లో కూర్చున్న కుర్రాడు ఒక తల్లి బిడ్డే. ఈసారి ఏ మ్యూజియంలోనైనా దాత పేరు కనిపిస్తే, ఒక్క నిమిషం ఆగి అడగండి: లోపల ఎవరున్నారు?

మీ ఊళ్లో వీరగల్లు ఉంటే ఫోటో తీసి పంపండి. ఉంటా మరి.