బలము, పొదుపు: ఒక ఇంజను చరిత్ర

అత్తాకోడండ్రకు పడదని లోకము చెప్పుకొనునట్లే, మోటారుకారు ఇంజనులో బలమునకును పొదుపునకును పొత్తు కుదరదని పలువురి అభిప్రాయము. పిండికొద్దీ రొట్టె అందురు గదా; పెట్రోలు కొద్దీ పరుగు అని వారి వాదము. ఈ మాటలో నిజము కొంత కలదు, పొరపాటును కొంత కలదు. ఏది ఎంతయో తెలిసికొనుటకు అమెరికా దేశపు కారు ఒకదాని చరిత్ర ఉపకరించునని తలచి, దానినే నేడు మేము మీ ముందుంచుచున్నాము.

1964వ సంవత్సరపు నమూనాగా జనరల్ మోటార్సు సంస్థలోని పాంటియాక్ శాఖవారు జి.టి.ఓ. అను కారును వెలువరించిరి. మధ్యరకపు కార్లలో 330 ఘనపుటంగుళములకు మించిన ఇంజను అమర్చరాదని ఆ సంస్థలో నిబంధన ఉండెడిది. పాంటియాక్ ప్రధాన ఇంజనీరు జాన్ డిలోరియన్, ఆయన సహచరులు అందులో ఒక సందు కనిపెట్టిరి. దీనిని కొత్త కారుగా గాక, టెంపెస్ట్ లెమాన్స్ కారు కొనువారు కోరి తీసికొను అదనపు సామగ్రిగా చూపిరి. పెద్ద కార్లకు వాడు 389 ఘనపుటంగుళముల ఎనిమిది సిలిండర్ల ఇంజనును, అనగా దాదాపు 6.4 లీటర్ల దానిని, ఆ విధముగా చిన్న కారులో నిలిపిరి. ఆ యేడు 32,450 కార్లు అమ్ముడుపోయెను. మజిల్ కార్లన్న తరగతికి ఇదియే ఆద్యమని పలువురు చెప్పుదురు.

ఆ ఇంజను రెండు విధములుగా దొరకెడిది. నాలుగు నోళ్ళ కార్బ్యురేటరు ఒక్కటి గలది 325 అశ్వశక్తులనిచ్చును. రెండేసి నోళ్ళ కార్బ్యురేటర్లు మూడు గలది 348 ఇచ్చును. మూడు కార్బ్యురేటర్లనగానే పెట్రోలు ఏరులై పారుననుకొందుము. కాని నిదానముగా నడుపునపుడు నడుమనున్నది మాత్రమే పనిచేయును. ఆక్సిలరేటరును గట్టిగా త్రొక్కినపుడే ఇరుప్రక్కలవి తెరచుకొనును. సమతలమైన బాటపై గంటకు 60 మైళ్ళ వేగమున సాగుటకు ఇట్టి కారునకు కావలసినది సుమారు 30 అశ్వశక్తులే. తక్కినదంతయు గాదెలో నిలువయున్న ధాన్యము వంటిది.

అయితే ఆ నిలువకు కావలికూలి కూడ ఉన్నది. గాలి ద్వారమును ఇంచుమించు మూసియుంచి పెద్ద ఇంజనును నడుపుట, ముక్కు పట్టుకొని ఊపిరి పీల్చుట వంటిది. గాలిని లోనికి లాగుటకే కొంత బలము ఖర్చగును. మిశ్రమము సంగతియు అట్టిదే. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ళ గాలి ఉన్నచో మంటకు సరిగా సరిపోవును. హెచ్చు బలము కోరినపుడు గాలిని 13 పాళ్ళకు, అంతకు కొంచెము లోపునకు దింపవలెను. పొదుపు కోరినపుడు 15, 16 పాళ్ళకు పెంపవలెను. ఇచట బలమును పొదుపును నిజముగా ప్రత్యర్థులే.

మరియొకచోట ఆ రెండును నెచ్చెలులు. మిశ్రమమును ఎంత గట్టిగా అదిమి మండింతుమో, అదే పెట్రోలు నుండి అంత హెచ్చు పని లభించును. జి.టి.ఓ. ఇంజనులో ఈ సంపీడన నిష్పత్తి 10.75. ఇంతగా అదిమినచో సామాన్యమైన పెట్రోలు వేళగాని వేళ భగ్గుమని, సుత్తితో కొట్టినట్లు ఇంజను మ్రోగును. దీనిని అణచుటకు 1921లో థామస్ మిడ్‌గ్లీ గుణము కనుగొనిన సీసపు సమ్మేళనమును పెట్రోలులో కలుపుచుండిరి. 1924లో న్యూజెర్సీలోని ఒక కర్మాగారమున ఆ పదార్థము సోకి ఐదుగురు పనివారు మరణించిరి. అయినను దశాబ్దముల తరబడి ఆ సీసము పొగగొట్టముల నుండి వీథులలోనికి, పసిబిడ్డల రక్తములోనికి చేరుచునే ఉండెను. బలమును పొదుపును చేతులు కలిపిన మాట నిజమే. ఆ పొత్తునకు వెల చెల్లించినవారు మాత్రము కారు ముఖమైనను ఎరుగని బాటసారులు.

1967 నమూనాకు సంస్థవారు ఒక్క కార్వెట్టునకు తప్ప తక్కిన కార్లకు పలు కార్బ్యురేటర్ల పద్ధతిని నిషేధించిరి. జి.టి.ఓ.కు క్వాడ్రాజెట్ అను కార్బ్యురేటరు వచ్చెను. దాని ముందరి రెండు నోళ్ళు చిన్నవి, వెనుకటి రెండు పెద్దవి. చిన్నవి నిత్యకృత్యమునకు, పెద్దవి పరుగు పందెమునకు. ఆ యేడే 8.6 నిష్పత్తి గల 255 అశ్వశక్తుల పొదుపు ఇంజనును గూడ అదనపు వెల లేకయే ఇచ్చిరి. కోరినవారు కొలదిమందే. పెట్రోలు చవుకగా దొరకునాడు పొదుపు ఎవరికి రుచించును?

కాలము మారెను. సీసము లేని పెట్రోలునకు అనువుగా 1971 నుండి ఆ సంస్థ ఇంజనుల నిష్పత్తి తగ్గింపబడెను. బలముతో పాటు పొదుపును కొంత తరిగెను. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు అమెరికాకు చమురు నిలిపివేసెను. 1974లో గంటకు 55 మైళ్ళ వేగపరిమితి శాసనమయ్యెను. ఆ యేటి జి.టి.ఓ. 350 ఘనపుటంగుళముల ఇంజనుతో వచ్చి, దానితోనే ఆ పరంపర ముగిసెను. ఆ పేరు మరల వినబడినది 2004లోనే. 1975 నాటి చట్టమును అనుసరించి, ఒక్కొక్క సంస్థ కొత్త కార్లు సగటున గాలనుకు 1978లో 18 మైళ్ళు, 1985లో 27.5 మైళ్ళు నడువవలసి వచ్చెను.

పిమ్మట కంప్యూటరు అదుపున పెట్రోలును చిమ్ము పద్ధతి, అదనపు గేర్లు వచ్చి పాత తగవును చాలవరకు తీర్చినవి. 2005 నమూనా క్రైస్లర్ కారు ఇంజనులోని ఎనిమిది సిలిండర్లలో నాలుగు, పని తక్కువైనపుడు తమంత తాము విశ్రమించును. నడుమ కార్బ్యురేటరు ఒక్కటే పనిచేసిన నాటి యుక్తికి ఇది చుట్టమే. సీసపు పెట్రోలు మన దేశమున 2000వ సంవత్సరములో ఆగెను. ప్రపంచమున కడపట ఆపినది అల్జీరియా, 2021లో.

కనుక బలమునకును పొదుపునకును పుట్టువైరము లేదు. వాహనము కొనునపుడు గాలనుకో లీటరుకో ఎన్ని మైళ్ళని మనమందరమును అడుగుదుము. ఆ లెక్కలో మనము చెల్లింపక ఇతరులు చెల్లించు భాగమెంత అని గూడ అడుగుట మంచిదని ఈ ఇంజను కథ మనకు తెలుపుచున్నది.