కొత్త విద్యాసాధనాలు – ఉపాధ్యాయుని స్థానం: బాగ్దాదు నుంచి ఆత్మకూరు వరకు

విద్యాచరిత్రను పరిశీలించిన వారికి ఒక విషయం స్పష్టంగా గోచరిస్తుంది. జ్ఞానాన్ని అందించే కొత్త సాధనం ఏది వచ్చినా సమాజంలో రెండు రకాల వాదాలు తలెత్తుతూ వచ్చాయి. ఇక ఉపాధ్యాయునితో పనిలేదన్నది ఒక వాదం. ఈ సాధనం విద్యను నాశనం చేస్తుందన్నది మరొక వాదం. కాగితం వచ్చినప్పుడూ, అచ్చుయంత్రం వచ్చినప్పుడూ, రేడియో, టెలివిజన్, కంప్యూటరు వచ్చినప్పుడూ ఈ రెండూ వినవచ్చాయి. చరిత్ర ఈ రెంటిలో దేనినీ సమర్థించలేదు. ఉపాధ్యాయుడు ముందుగా సిద్ధమైన చోట సాధనం వరమయింది. అతనిని పక్కన పెట్టిన చోట అది అలంకారంగా మిగిలింది, లేదా హాని చేసింది.

నేడు కృత్రిమ మేధ విషయంలో అదే చర్చ తిరిగి మొదలయింది. అడిగిన ప్రశ్నకు క్షణాల్లో జవాబు వ్రాసే యంత్రం 2022 నవంబరు తరువాత సామాన్యుల చేతి ఫోనుల్లోకి వచ్చింది. పాలమూరు పల్లెల బడిపిల్లలు సైతం దానిని వాడుతున్నారు. కాబట్టి ఈ ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించడం అవసరం.

పేరులోనే దాగిన చరిత్ర

కంప్యూటరు ఒక పని చేయడానికి అనుసరించే క్రమబద్ధమైన నియమావళిని అల్గారిదం అంటారు. ఈ మాట ఒక ముస్లిం గణితవేత్త పేరు నుంచి పుట్టింది. అబ్బాసీ ఖలీఫా అల్ మామూన్ (హిజ్రీ 198–218, క్రీ.శ. 813–833) కాలంలో బాగ్దాదులో పనిచేసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ, భారతీయ అంకెలతో లెక్కలు చేసే పద్ధతిని వివరిస్తూ ఒక గ్రంథం రచించాడు. దాని అరబ్బీ మూలం నేడు లభ్యం కాదు. లాటిన్ అనువాదం మాత్రం మిగిలింది. ఆ అనువాదంలో ఆయన పేరు అల్గోరిత్మి అని మారి, కాలక్రమంలో లెక్కించే పద్ధతికే పేరయింది. అంకెలు భారతదేశానివి, వివరణ బాగ్దాదుది, ప్రచారం ఐరోపాది. జ్ఞానం ఏ ఒక్క జాతి సొత్తూ కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

అదే శతాబ్దికి చెందిన అల్ కిందీ రహస్య లిపులను ఛేదించే విధానంపై ఒక రిసాలా వ్రాశాడు. ఒక భాషలో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కించి, ఆ లెక్క ఆధారంగా దాగిన సందేశాన్ని చదవవచ్చునని ఆయన చూపాడు. ఈ పద్ధతిని గురించి నేటికి దొరికిన వివరణల్లో అదే అతి ప్రాచీనమైనది. నేటి భాషాయంత్రాలు అంతకన్నా ఎంతో సంక్లిష్టమైనవే అయినా, వాటి పునాదిలో ఉన్నదీ లెక్కే. కోట్లాది పుటలను చదివించి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో యంత్రం అంచనా వేసేలా చేస్తారు. ఆ అంచనాతోనే అది వాక్యాలు అల్లుతుంది. అందువల్ల దాని వాక్యం సొగసుగా ఉన్నంత మాత్రాన అందులోని సంగతి నిజం కానక్కరలేదు. లేని గ్రంథాన్ని ఉన్నట్లు, జరగని సంఘటనను జరిగినట్లు అది నిస్సంకోచంగా చెప్పగలదు. ఈ ఒక్క సంగతి తెలియడమే ఈ విద్యలో తొలిమెట్టు.

గురువు లేని పుట

నిజానిజాలు తేల్చడం ఎలా? ముస్లిం విద్వాంసులు ఈ ప్రశ్నను పన్నెండు శతాబ్దాలకు పూర్వమే ఎదుర్కొన్నారు. హదీసు శాస్త్రంలో ఒక ఉల్లేఖనం వినగానే దాని ఇస్నాద్‌ను, అనగా ఎవరి నుంచి ఎవరికి చేరిందో తెలిపే గొలుసును పరిశీలించారు. ఆ గొలుసులోని ప్రతి వ్యక్తి సత్యసంధత, జ్ఞాపకశక్తి, కాలం, నివాసం అన్నీ విచారణకు వచ్చాయి. హిజ్రీ 256లో (క్రీ.శ. 870) కన్నుమూసిన ఇమామ్ బుఖారీ కృషి ఈ పద్ధతికి శిఖరప్రాయం. మాట ఎంత మధురంగా ఉన్నా, గొలుసు తెగితే దానిని ప్రమాణంగా స్వీకరించలేదు.

ఇందుకు తోడు మరో నియమం ఉండేది. పాత అరబ్బీ వ్రాతలో చుక్కలు తరచుగా ఉండేవి కావు. చుక్క మారితే అక్షరం మారుతుంది, అక్షరం మారితే అర్థమే మారిపోతుంది. ఈ రకమైన పొరపాటును తస్హీఫ్ అన్నారు. గురువు ఎదుట కూర్చుని వినకుండా, కేవలం పుటలు చూసి నేర్చిన వానిని సుహుఫీ అని పిలిచి, అతని మాటను అనుమానంగా చూశారు. అందుకే శిష్యుడు గ్రంథాన్ని గురువు ముందు చదివి, తప్పులు దిద్దించుకుని, ఇజాజత్ పొందేవాడు. వారు గ్రంథాన్ని తిరస్కరించలేదు; కాగితాన్ని ప్రపంచంలో అందరికన్నా మిన్నగా వాడుకున్నవారిలో వారూ ఉన్నారు. గ్రంథానికీ విద్యార్థికీ నడుమ గురువును నిలబెట్టారు, అంతే. నాడు పుట నుంచి మాత్రమే నేర్చిన వానికి పట్టిన లోపమే నేడు యంత్రం నుంచి మాత్రమే నేర్చే వానికీ పడుతుంది.

బడిభాష, ఇంటిభాష

దక్కను చరిత్ర ఈ సమస్యకు మరో పార్శ్వాన్ని చూపుతుంది. హైదరాబాదులో 1917లో దారుత్తర్జుమా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. వైద్యం, ఇంజనీరింగు, భౌతిక, రసాయన శాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోకి అనువదించడానికి విద్వాంసుల సంఘాలు కూర్చుని ఒక్కొక్క పారిభాషిక పదాన్ని చర్చించి స్థిరపరచాయి. శాస్త్రపదాల నిర్మాణంపై మౌల్వీ వహీదుద్దీన్ సలీం ‘వజ్ఎ ఇస్తిలాహాత్’ అనే ప్రత్యేక గ్రంథమే రచించారు. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమని నిరూపించిన ఘనత ఈ కృషిదే.

అయితే ఆ వెలుగు అందరికీ సమంగా చేరలేదు. అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణమైన ఆత్మకూరు వంటి ప్రాంతాల్లో అత్యధికుల ఇంటిభాష తెలుగు. బడిలో పైతరగతుల భాష, కచేరీ భాష ఉర్దూ. రైతుబిడ్డకూ నేతపనివాని బిడ్డకూ పాఠంకన్నా ముందు భాషే అడ్డుగోడ అయింది. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంతో మొదలైన గ్రంథాలయోద్యమమూ, 1926లో సురవరం ప్రతాపరెడ్డి స్థాపించిన గోలకొండ పత్రికా, 1930లో ఆయన అధ్యక్షతన జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్రమహాసభా ఈ లోటు నుంచి పుట్టిన ప్రయత్నాలే. దారుత్తర్జుమా విజయమూ, పల్లె బడుల వైఫల్యమూ నేర్పే నీతి ఒక్కటే: జ్ఞానం నేర్చేవాని భాషలో రావాలి.

ఈ నీతి నేటి యంత్రానికీ వర్తిస్తుంది. యంత్రాలకు చదివించిన పుటల్లో ఆంగ్లమే అధికం; తెలుగు, ఉర్దూ భాషల వాటా స్వల్పం. నస్తాలీఖ్ లిపిలోని పాత ఉర్దూ గ్రంథాలను యంత్రంచేత చదివించడం నేటికీ కష్టసాధ్యమే. అందువల్ల మన భాషల్లో అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు ఆంగ్లంలో వచ్చినంత నమ్మదగినదిగా ఉండదు. ఆంగ్లం రాని పిల్లవానికే పొరపాటు జవాబు దొరికే అవకాశం ఎక్కువ. దానిని పసిగట్టే సాధనాలు అతనికే తక్కువ.

ఆకాశం నుంచి వచ్చిన పాఠం

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు భారతదేశంలో ఒక అపూర్వ ప్రయోగం జరిగింది. అమెరికాకు చెందిన ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు నేరుగా ప్రసారమయ్యాయి. సైట్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికయిన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. కృష్ణకు ఆవలనున్న కర్ణాటకలోని రాయచూరు మరొకటి. గ్రామాల్లో అమర్చిన గ్రాహక యంత్రాలు హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారు చేసింది. తెలుగు కార్యక్రమాలకు హైదరాబాదులో నిర్మాణ కేంద్రం ఏర్పడింది. ఉదయం బడిపిల్లలకూ, సాయంకాలం పెద్దలకూ ప్రసారాలు సాగాయి.

ఈ ప్రయోగంలో నేటి చర్చకు మిక్కిలి ఉపయోగపడే భాగం ఉపాధ్యాయ శిక్షణ. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనపై 12 రోజుల శిక్షణ రెండు విడతలుగా జరిగింది. ఒక్కో విడతలో సుమారు 24,000 మంది పాల్గొన్నారు. వారిని కేవలం తెర ముందు కూర్చోబెట్టి పంపలేదు. టెలివిజన్ పాఠానికి తోడు రేడియో పాఠం, అచ్చు పుస్తకం, చేతులతో చేసే ప్రయోగాలు, స్థానికంగా శిక్షణ పొందిన మార్గదర్శకుని సమక్షంలో చర్చ – ఇవన్నీ కలిపి ఏర్పాటు చేశారు. తెర చెప్పిన దానిని మనుషులు కలిసి ప్రశ్నించి, చేసి చూసి గ్రహించారు. సైట్‌లో ఫలవంతమైన అంశాల్లో ఈ శిక్షణకు ముఖ్యస్థానం లభించింది. ఏడాది గడిచాక ఉపగ్రహం తరలిపోయింది. చాలా గ్రామాల్లో తెర ఆరిపోయింది. కాని ఉపాధ్యాయుడు నేర్చింది ఉపగ్రహంతో పాటు వెళ్ళిపోలేదు.

దశాబ్దం తిరగకముందే, 1984–85లో, కంప్యూటరు అక్షరాస్యత కోసం కేంద్రప్రభుత్వం ‘క్లాస్’ పథకాన్ని ప్రారంభించింది. ఎంపికయిన కొన్ని వందల ఉన్నత పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు చేరాయి. యంత్రం పట్ల భయం పోగొట్టడం దాని లక్ష్యాల్లో ఒకటి. యంత్రాలు కొద్ది, పాఠాల సామగ్రి ఆంగ్లంలో, ఉపాధ్యాయుల శిక్షణ స్వల్పకాలం. ఫలితంగా కంప్యూటరు చాలా చోట్ల ప్రత్యేక గదిలో తాళం వెనుక ఉండే వస్తువయింది. సైట్ శిక్షణకూ దీనికీ గల తేడా యంత్రంలో లేదు, మనిషిని సిద్ధం చేసిన తీరులో ఉంది.

2018 వేసవి

యంత్రం మోసుకొచ్చిన మాటను విచారించకపోతే ఏమవుతుందో తెలంగాణ 2018 వేసవిలో కళ్ళారా చూసింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో సందేశాలు, వీడియోలు వ్యాపించాయి. అవి అబద్ధాలు. ఆ అబద్ధాలను నమ్మిన మూకల చేతుల్లో రాష్ట్రంలో నిరపరాధులు ప్రాణాలు కోల్పోయారు.

జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో – ఆత్మకూరు 2016 నుంచి వనపర్తి జిల్లాలోనిదే – నాటి పోలీసు అధికారి రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో వేరొక మార్గం అనుసరించారు. నాలుగు వందలకు పైగా గ్రామాల్లో ఒక్కో ఊరికి ఒక పోలీసును కేటాయించి, ఆ ఊరి వారితో పరిచయం పెంచారు. డప్పుతో, జానపద గీతాలతో, ఊరి కూడలిలో జనం మాట్లాడే భాషలోనే, వచ్చిన ప్రతి వీడియో నిజం కాదనీ, పంపే ముందు విచారించాలనీ తెలియజెప్పారు. అనుమానం కలిగితే అడగడానికి తెలిసిన మనిషి ఉన్నాడు. ఆ ప్రాంతంలో ఈ వదంతుల వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇస్నాద్ సూత్రం ఇక్కడ పేరు లేకుండానే పనిచేసిందనవచ్చు. ఈ మాట ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు అన్న రెండు ప్రశ్నలే మనుషుల ప్రాణాలు కాపాడాయి. నేడు యంత్రం మనిషి గొంతునూ ముఖాన్నీ అనుకరించి లేని దృశ్యాన్ని సృష్టించగలదు. 2018 నాటికన్నా ఈ ప్రశ్నల అవసరం నేడు ఎక్కువ.

నేటి కర్తవ్యం

ప్రభుత్వాలు ఈ దిశగా అడుగులు వేస్తున్నాయి. సీబీఎస్‌ఈ 2019లోనే తొమ్మిదో తరగతిలో కృత్రిమ మేధను ఐచ్ఛికాంశంగా ప్రవేశపెట్టింది. 2025లో తెలంగాణలోని కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చదువు, లెక్కలు నేర్పడానికి ఈ సాంకేతికతను ప్రయోగాత్మకంగా వాడారు. మూడో తరగతి నుంచే ఈ విద్యను పాఠ్యక్రమంలో చేర్చనున్నట్లు కేంద్ర విద్యాశాఖ అదే ఏడాది ప్రకటించింది. యునెస్కో 2024లో ఉపాధ్యాయులకు కావలసిన 15 సామర్థ్యాలను నిర్దేశిస్తూ, మానవ కేంద్రిత దృష్టిని వాటిలో మొదట ఉంచింది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం; నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ఇదే అత్యల్పం. ఇట్టి చోట తల్లిదండ్రులను విడిచి బడిని మాత్రమే సిద్ధం చేస్తే చాలదు. బిడ్డ ఫోనులో ఏమి అడుగుతున్నాడో, జవాబు ఎక్కడ నుంచి వస్తున్నదో తల్లికి తెలియాలి. పద్దెనిమిదేండ్ల లోపు పిల్లల వ్యక్తిగత వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023 నాటి చట్టం చెబుతున్నది. తాను దేనికి సమ్మతిస్తున్నదీ ఆ తల్లికి తెలుగులోనో ఉర్దూలోనో వివరించే వారు లేకుంటే ఆ హక్కు కాగితం మీదనే మిగిలిపోతుంది.

ఇందుకు పెద్ద నిధులే కావాలని లేదు. నెలకొకసారి బడిలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసి కూర్చుని, యంత్రాన్ని తమ ఊరి గురించి, తమకు బాగా తెలిసిన విషయం గురించి అడిగి చూడవచ్చు. ఆత్మకూరు సంస్థాన చరిత్ర అడగవచ్చు. జూరాల నీటి సంగతి అడగవచ్చు. నేతపని గురించి అడగవచ్చు. తెలిసిన విషయంలో అది ఎక్కడ తప్పిందో చూసిన వారు, తెలియని విషయంలో దానిని గుడ్డిగా నమ్మరు. మదరసా ఉస్తాదులు, ఉర్దూ బడుల ఉపాధ్యాయులు, తెలుగు పంతుళ్ళు ఈ పనిలో ఒకే చాప మీద కూర్చోవచ్చు. ఇస్నాద్‌ను విచారించే అలవాటు మదరసా చదివినవారికి కొత్త కాదు; దానిని ఊరందరికీ పంచడమే మిగిలింది.

అల్ ఖ్వారిజ్మీ పేరును యంత్రాలు నేటికీ మోస్తున్నాయి. దానికి గర్వించడం తేలిక. ఆయన తరం వారు భారతీయ అంకెలను పరీక్షించి స్వీకరించి, తమ భాషలో బోధించినట్లు, నేటి తరం ఈ కొత్త సాధనాన్ని పరీక్షించి, తన భాషలో, తన గురువుల చేత బోధింపజేసుకోవడమే అసలైన వారసత్వం. ఆ వారసత్వం నిలవాలంటే, యంత్రం బడిలో అడుగుపెట్టే ముందే ఉపాధ్యాయుడు సిద్ధమై ఉండాలి.