వేడికి పడిపోతుంది.. చల్లబడితే లేస్తుంది.. నరాల గుట్టు విప్పిన పండు ఈగ!

అరటిపండ్ల మీద ముసిరే పండు ఈగలు అందరికీ తెలిసినవే. వాటిలో ఒక జన్యులోపం ఉన్న రకాన్ని 29 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచితే కొద్ది నిమిషాల్లోనే కదల్లేక పడిపోతాయి. చల్లబడగానే మళ్లీ లేచి తిరుగుతాయి. కెనడా శాస్త్రవేత్త డేవిడ్ సుజుకి బృందం 1970ల మొదట్లో గుర్తించిన ఈ రకం పేరు 'షిబిరే'. జపాన్ భాషలో తిమ్మిరి అని అర్థం. ఇంతకీ వేడి తగిలితే ఈగకు ఏమవుతోంది?

సంచుల్లో సందేశం

నరకణం తన సందేశాన్ని రసాయనం రూపంలో పక్క కణానికి పంపుతుంది. ఆ రసాయనాన్ని ముందే చిన్న సంచుల్లో నింపి పెట్టుకుంటుంది. వీటినే సినాప్టిక్ వెసికిల్స్ అంటారు. ఒక్కో సంచి వెడల్పు సుమారు 40 నానోమీటర్లు. అంటే 25 వేల సంచులు వరుసగా పేర్చితే ఒక్క మిల్లీమీటరు!

విద్యుత్ సిగ్నల్ నరం చివరికి చేరగానే కాల్షియం లోపలికి వస్తుంది. వెంటనే అంచున ఉన్న సంచులు కణం పైపొరతో కలిసిపోయి రసాయనాన్ని బయటకు వదిలేస్తాయి.

వాడినదే మళ్లీ వాడకం

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నరం చివర సంచుల నిల్వకు ఓ లెక్క ఉంటుంది. కొత్త సరుకు కణం మూలం నుంచి రావాలి. కాలి వేళ్ల దాకా సాగే నరంలో అది రావడానికి రోజులు పడుతుంది. అందుకే నరం వాడిన సంచినే మళ్లీ తయారు చేసుకుంటుంది. పైపొరలో కలిసిన భాగం చుట్టూ క్లాథ్రిన్ అనే ప్రొటీన్ బుట్టలా అల్లుకుంటుంది. ఆ భాగం లోపలికి ఉబ్బాక డైనమిన్ అనే మరో ప్రొటీన్ దాని మెడను బిగించి తెంపుతుంది. అలా విడివడిన సంచిలో మళ్లీ రసాయనం నిండుతుంది. ఈ రీసైక్లింగ్‌ను జాన్ హ్యూసర్, థామస్ రీస్ 1973లో కప్ప నరాల్లో చూపించారు.

షిబిరే ఈగలో లోపం ఉన్నది డైనమిన్‌లోనే. వేడికి అది పనిచేయదు. వెళ్లిన సంచులు తిరిగి రావు. నిల్వ ఖాళీ అవుతుంది, ఈగ కుప్పకూలుతుంది.

కట్లపాముతో జాగ్రత్త

మన పొలాల్లో తిరిగే కట్లపాము విషంలోని కొన్ని టాక్సిన్లు కూడా నరాల చివర్లను దెబ్బతీసి సంచుల నిల్వను ఖాళీ చేస్తాయి. ఊపిరి తీసే కండరాలకు సందేశం అందకపోతే ప్రాణాపాయమే. దెబ్బతిన్న నరాలు కోలుకునే దాకా వెంటిలేటర్ అవసరం కావచ్చు. ఈ పాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియనివ్వదు. అందుకే నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా, అనుమానం వచ్చిన వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.