లంకమల కలివికోడి

థామస్ జెర్డన్ కుంపిణీవారి కొలువులో డాక్టరు. చేసేది వైద్యమైనా ప్రాణమంతా పక్షుల మీదే. తొలి రోజుల్లో కూడబెట్టిన పక్షి చర్మాలను, పేర్లు తేల్చిపెట్టమని స్కాట్లండులోని జార్డీన్ పండితుడికి పంపాడు. అవి చేరేసరికి పురుగు తినేసింది. ఇక చేసేదిలేక తన రాతల్నే నమ్ముకుని 420 జాతుల పట్టిక మద్రాసు పత్రికలో అచ్చువేయించాడు. నెల్లూరులో ఉండగా యానాదులను అడిగి అడవి సంగతులు తెలుసుకున్నాడు. ఆ తరువాత డార్జిలింగులో హిమాలయ పక్షుల వెంటపడ్డాడు. 1862–64లో మూడు సంపుటాల ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ తెచ్చాడు. 1872లో ఇంగ్లండులో కన్నుమూశాడు.

ఇంత చేసినా కడప సీమలో ఆయన పేరు వినబడేది ఒక్క కలివికోడి వల్లే. పొడుగు కాళ్లు, పెద్ద కళ్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలంతా కంపల్లో నక్కి ఉంటుంది, పొద్దుగూకాక బయటికొస్తుంది. జెర్డన్ సేకరించిన ఆ పక్షిని 1848లో బ్లిత్ అనే పక్షి పండితుడు లోకానికి చెప్పాడు. 1900 తరువాత అది పండితులెవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు.

1986 జనవరిలో, రెడ్డిపల్లె దగ్గర ఒక వేటగాడు రాత్రిపూట దాన్ని ప్రాణంతో పట్టాడు. దేశమంతా సంబరపడింది. ఆ పిట్ట మాత్రం కొద్ది రోజులకే చచ్చిపోయింది. దాని జాతి కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది.

అయినా కష్టం తీరలేదు. తెలుగుగంగ కాలువ అది తిరిగే చోటికే వచ్చింది. గుక్కెడు నీళ్లకు అల్లాడే సీమలో కాలువ వద్దని ఎవరనగలరు? 2005లో యంత్రాలు దాని పొదల్లోకి దిగాయి. అటవీశాఖ అడ్డుపడి ఆపించింది, చివరికి కాలువ దారి మళ్లింది. అప్పటికే కొంత కంప పోయింది. వంటచెరకు నరకడం, కొత్త నిమ్మతోటలు మిగతాదాన్ని కొరుక్కుతిన్నాయి. 2009 తరువాత ఏళ్ల తరబడి పక్షి జాడ లేదు.

దీన్ని దెబ్బతీసింది తుపాకీ కాదు, ముళ్లకంపను బీడుగా లెక్కగట్టిన మన చూపు. దానికి దట్టమైన అడవి అక్కర్లేదు, పరుగెత్తడానికి సందులున్న పలచటి పొదలు చాలు. సిద్ధవటం, బద్వేలు వైపు పొలాలున్న రైతులకు ఒక్క మనవి: కంప దున్నించే ముందు అటవీశాఖవారికి కబురు పెట్టండి.