ఉడ్‌హౌస్ లేన్ సంగీతం: లీడ్స్ నగర చరిత్రలో గ్యాంగ్ ఆఫ్ ఫోర్

ఉత్తర ఇంగ్లండులో, పశ్చిమ యార్క్‌షైర్ ప్రాంతంలో, ఎయిర్ నది ఒడ్డున ఉన్న లీడ్స్ నగరం ఉన్ని బట్టల నేత మీదా, కుట్టు దుస్తుల తయారీ మీదా తరతరాలుగా బతికింది. 1970ల నాటికి ఆ మిల్లులు ఒకటొకటిగా మూతపడుతుంటే, నగరపాలకులు మాత్రం పాత వీధులను కూల్చి ఊరి నడుమ నుంచి పెద్ద రహదారులు వేయించి, లీడ్స్ అంటే డెబ్బయ్యో దశకపు మోటర్‌వే నగరమని తపాలా ముద్రల మీద సైతం చాటుకున్నారు. 1930లలో ఎంతో ఆర్భాటంగా కట్టిన క్వారీ హిల్ గృహ సముదాయాన్ని 1978లో నేలమట్టం చేసిందీ ఆ దశకంలోనే. ఇంగ్లండులో పోస్ట్-పంక్ అని పేరుపడిన సంగీత ధోరణికి ముఖ్య ప్రతినిధులలో ఒకటైన గ్యాంగ్ ఆఫ్ ఫోర్ బృందం, కూలగొట్టిన ఇటుకల గుట్టలు పక్కనే ఉండగా ఈ ఊళ్లోనే పుట్టి పెరిగింది.

అయినా నగర చరిత్రలో ఆ బృందానికి దక్కిన చోటు చిన్నది. లండన్‌కు చెందిన ది హూ బృందం 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయ భోజనశాలలో ఒక్క రాత్రి పాడిన పాటలు రికార్డుగా వెలువడినందుకు ఆ గోడకు నీలి ఫలకం అమర్చారు. మూడేళ్లపాటు ఇక్కడే ఉండి, ఇక్కడి వీధుల్లో దెబ్బలు తిని, ఇక్కడి తరగతి గదుల్లో విన్న వాదాలను పాటలుగా మలచిన నలుగురి సంగతి వచ్చేసరికి, వారిలో ఎవరూ ఈ ఊళ్లో పుట్టలేదన్న అభ్యంతరం వినవస్తుంది. పుట్టుకను బట్టి ఊరి చరిత్ర రాయాలంటే, వలస కార్మికులతో పెరిగిన లీడ్స్‌కు రాయదగిన చరిత్ర మిగలడమే కష్టం.

గాయకుడు జాన్ కింగ్, గిటారిస్టు ఆండీ గిల్ కెంట్ ప్రాంతంలోని సెవెనోక్స్ పాఠశాలలో సహాధ్యాయులు. ఇద్దరూ లీడ్స్ విశ్వవిద్యాలయంలో లలిత కళల శాఖలో చేరారు. డ్రమ్ములు వాయించే హ్యూగో బర్న్‌హామ్ కూడా ఆ విశ్వవిద్యాలయ విద్యార్థే. మొదటి కొద్ది ప్రదర్శనల్లో వేరొకరు బేస్ గిటార్ వాయించినా, ఆ తరువాత ఉత్తరాన కెండల్ పట్టణం నుంచి వచ్చిన డేవ్ అలెన్ ఆ స్థానంలో కుదురుకున్నాడు. అదే పాఠశాల నుంచి వచ్చి అదే శాఖలో చదువుకున్న మరికొందరు మీకాన్స్ అనే బృందంగా ఏర్పడి, తమకంటూ వాయిద్యాలు సరిగా లేక గ్యాంగ్ ఆఫ్ ఫోర్ వారివే వాడుకునేవారు. మావో మరణానంతరం 1976 అక్టోబరులో చైనాలో అరెస్టయిన నలుగురు నాయకుల పేరును ఈ బృందానికి సూచించింది కూడా ఆ మీకాన్స్‌లో ఒకరే. ఆ చైనా నలుగురిని తెలుగు వామపక్ష పత్రికలు నలుగురి ముఠాగా ఎరుగును. లీడ్స్ కుర్రాళ్లు ఆ పేరును పెట్టుకున్నది విధేయతతో కాక కొంత వెటకారంతోనే అని వారి పాటలు విన్నవారికి తోస్తుంది.

లలిత కళల శాఖ ఆనాడు మామూలు చిత్రకళా పాఠశాల కాదు. ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే మీద 1973లో పేరొందిన గ్రంథం రాసిన టి.జె. క్లార్క్ 1976లో అక్కడ ఆచార్యుడిగా చేరాడు. అంతకుముందు ఆయన సిచ్యుయేషనిస్టులతో, అంటే మార్కెట్ సమాజంలో మనిషి బతుకే చూసి కొనుక్కునే ఒక ప్రదర్శనగా మారిపోయిందని వాదించిన యూరప్ మేధావుల బృందంతో, కొంతకాలం కలిసి నడిచాడు. స్త్రీవాద దృష్టితో కళా చరిత్రను తిరగరాసిన గ్రిసెల్డా పొలాక్ 1977లో అదే శాఖలో అధ్యాపకురాలైంది. బొమ్మను చూసి ఆనందించడానికి ముందు దానిని ఎవరు, ఎవరి కోసం, ఎవరి డబ్బుతో గీశారని అడగడం ఆ శాఖలో అలవాటైన పద్ధతి. కింగ్, గిల్ ఆ ప్రశ్ననే ప్రేమ పాటకూ, సెలవు రోజుకూ, టీవీలో చూసే యుద్ధ వార్తకూ వేశారు. చదువుకు రుసుము లేకపోగా బతకడానికి ప్రభుత్వమే విద్యార్థికి భత్యం ఇచ్చిన కాలం అది. అప్పు చేసి చదివే నేటి విద్యార్థికి మూడేళ్లు పాట మీద ప్రయోగాలు చేసే తీరిక ఎక్కడిదన్నది ఈ చరిత్ర చదివేటప్పుడు మరువరాని సంగతి.

1976 డిసెంబరులో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బృందం చేపట్టిన పర్యటనలో చాలా ఊళ్లు తలుపులు మూసుకోగా, జరిగిన కొద్ది ప్రదర్శనల్లో ఒకటి లీడ్స్ పాలిటెక్నిక్‌లో జరిగింది. సంగీతం నేర్చుకోకపోయినా వేదిక ఎక్కవచ్చన్న తెగువను ఆ పంక్ సంగీతం యువతకు ఇచ్చింది గానీ, మూడు స్వర సంపుటాలను వేగంగా బాదడమే పనిగా అది త్వరలోనే గిడసబారింది. ఆ తెగువను నిలుపుకొని, దానికి అమెరికన్ నల్లజాతి వారి ఫంక్ లయనూ, జమైకా వారి డబ్ పద్ధతినీ, పుస్తకాల్లోంచి వచ్చిన ఆలోచననూ కలిపినదే పోస్ట్-పంక్. డబ్ అంటే రికార్డయిన పాటలోంచి గొంతునూ వాయిద్యాలనూ ఎక్కడికక్కడ తొలగించి, బేస్, డ్రమ్ములు మిగిల్చి, ఆ ఖాళీనే వినిపించే విధానం. గ్యాంగ్ ఆఫ్ ఫోర్ సంగీతంలో ఈ ఖాళీ ముఖ్యం. రాక్ సంగీతంలో మామూలుగా పాటకు సింగారమైన గిటార్‌ను గిల్ గొడ్డలి దెబ్బల్లా తెగ్గొట్టి వాయించాడు, బేస్ రాగాన్ని నడిపింది, గిటార్ ఒంటరిగా వాయించి మెప్పు పొందాల్సిన చోట అతడు మౌనం వహించాడు. వాల్వు యాంప్లిఫయర్ల వెచ్చని మోత వద్దనుకొని ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ల పొడి ధ్వనిని ఏరికోరి ఎంచుకున్నాడు.

ఈ సంగీతపు కరకుదనానికి ఊరి పరిస్థితి కూడా కారణమే. వలస వచ్చినవారిని వెళ్లగొట్టాలని ప్రచారం చేసిన నేషనల్ ఫ్రంట్ పార్టీ ఆ రోజుల్లో లీడ్స్‌లో బలం పుంజుకుంది. పంక్ యువకులను తమవైపు తిప్పుకోవడానికి ఆ పార్టీ మద్దతుదారులు ఈ ఊళ్లోనే సొంత బృందాలను సైతం నిలబెట్టారు. విశ్వవిద్యాలయానికి ఎదురుగా ఉడ్‌హౌస్ లేన్‌లో ఉన్న ఫెంటన్ అనే మద్యశాల అటు కళాశాఖ విద్యార్థులకూ ఇటు సంగీతకారులకూ అడ్డా కావడంతో, ఆ మూక దాని మీద పడి కొట్లాటకు దిగింది. గ్యాంగ్ ఆఫ్ ఫోర్, మీకాన్స్, వారి స్నేహ బృందమైన డెల్టా ఫైవ్ మూడూ జాతి వివక్షకు వ్యతిరేకంగా నడిచిన రాక్ అగైనెస్ట్ రేసిజం ఉద్యమంలో పాడాయి. అదే కాలంలో, 1975 నుంచి 1980 వరకు, యార్క్‌షైర్‌లోనూ పొరుగున ఉన్న మాంచెస్టర్‌లోనూ కలిపి 13 మంది స్త్రీలను పీటర్ సట్‌క్లిఫ్ హత్య చేశాడు. చీకటి పడ్డాక స్త్రీలు బయట తిరగవద్దని పోలీసులు చెప్పగా, రాత్రులు మావి కూడా అంటూ 1977 నవంబరులో లీడ్స్ స్త్రీలు ఊరేగింపు తీశారు. ఇంట్లోని సంబంధాలు, పడక గది, అద్దం ముందు అలంకరణ రాజకీయాలకు వెలుపలివి కావని ఈ బృందాలు పాడింది ఆ భయపు వాతావరణంలోనే. గ్రంథాలయంలో పుట్టిన సిద్ధాంతమని దానిని కొట్టివేయడం సులువే గానీ న్యాయం కాదు.

తొలి రికార్డు డ్యామేజ్డ్ గూడ్స్ మూడు పాటలతో 1978లో ఎడిన్‌బరోకు చెందిన ఫాస్ట్ ప్రాడక్ట్ అనే చిన్న సంస్థ ద్వారా వెలువడింది. దానితో వచ్చిన పేరును చూసి ఇ.ఎం.ఐ. అనే పెద్ద కంపెనీ ఒప్పందం కుదుర్చుకోగా, పెట్టుబడిని ప్రశ్నించే పాటలు పెట్టుబడిదారు ద్వారానే రావడమేమిటని కొందరు అభిమానులు నొచ్చుకున్నారు. 1979లో ఆ కంపెనీ మొదటి పాటను విడుదల చేసి, ఆ కాలపు బ్రిటన్‌లో అత్యధికులు చూసే బి.బి.సి. కార్యక్రమం టాప్ ఆఫ్ ద పాప్స్‌లో ప్రదర్శనకు పిలుపు తెప్పించింది. పాటలో గర్భనిరోధక సాధనాన్ని సూచించే మాట ఉందని, దానిని మార్చమని నిర్వాహకులు కోరారు. ఒక మార్పుకు ఒప్పుకున్న బృందం, మార్చినట్టు కూడా తెలియకుండా ఇంకో మాట పెట్టాలన్న షరతుకు మాత్రం ఒప్పుకోక వెనుదిరిగింది. ఆ నిర్ణయం వ్యాపారపరంగా నష్టం తెచ్చిందనడంలో సందేహం లేదు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఎంటర్‌టైన్‌మెంట్! అనే తొలి పూర్తి రికార్డు బ్రిటన్ అమ్మకాల జాబితాలో 45వ స్థానం దాటి పైకి పోలేదు. కింగ్, గిల్ స్వయంగా తయారుచేసిన ఎర్రని అట్ట మీద ఒక కౌబాయ్, ఒక అమెరికన్ ఆదివాసి కరచాలనం చేసుకునే బొమ్మ మూడుసార్లు ఉండి, ఆ స్నేహం వెనుక ఎవరు ఎవరిని మోసగిస్తున్నారో పక్కన రాసి ఉంటుంది. లలిత కళల శాఖ ఆచార్యుల పాఠం ఇంతకన్నా సూటిగా మరెక్కడా అచ్చు కాలేదు.

తరువాతి కథను లీడ్స్ కథగా చెప్పడం కష్టం. 1981లో సాలిడ్ గోల్డ్ అనే రికార్డు వెలువడిన ఏడాదిలోనే అమెరికా పర్యటన నడుమ అలెన్ విడిపోయి ష్రీక్‌బ్యాక్ బృందాన్ని నెలకొల్పగా, సారా లీ అతని చోటికి వచ్చింది. సైనిక దుస్తుల మోజును ఎగతాళి చేసిన 1982 నాటి పాటను ఫాక్‌లాండ్స్ యుద్ధం సాగుతున్నందున బి.బి.సి. ప్రసారం చేయలేదు. మరుసటి ఏడు బర్న్‌హామ్ కూడా వెళ్లిపోయాక వచ్చిన హార్డ్ అనే రికార్డు మెత్తబడిన నృత్య సంగీతం. 1984కు బృందం ముగిసింది. ఆపైన 1990లలో కింగ్, గిల్ కలిసి చేసిన రెండు రికార్డులూ, 2005 ప్రాంతంలో నలుగురూ మళ్లీ ఒక వేదిక మీదికి రావడమూ, కింగ్ తప్పుకున్నాక గిల్ ఒక్కడే ఆ పేరును మోయడమూ జీవిత చరిత్రకారులకు అవసరమైన వివరాలు. గిల్ 2020 ఫిబ్రవరి 1న, అలెన్ 2025 ఏప్రిల్‌లో మరణించారు.

తొలి మూడేళ్ల ప్రభావం మాత్రం అట్లాంటిక్ దాటింది. ఆర్.ఇ.ఎం. బృందం తన తొలినాళ్లలో వీరి కచేరీలకు ముందు పాడింది. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ 1984 నాటి తొలి రికార్డుకు గిల్ నిర్మాత. అమెరికన్ రాక్ గాయకుడు కర్ట్ కొబేన్ తనకు ఇష్టమైన రికార్డుల జాబితాలో ఎంటర్‌టైన్‌మెంట్!ను రాసుకున్నాడు. ఆ రికార్డు శబ్ద గ్రహణం లండన్‌లోని ఓల్డ్ కెంట్ రోడ్డులో జరిగినా, దానిలోని ప్రశ్నలు లీడ్స్ కళాశాఖవి, కోపం ఫెంటన్ గుమ్మానిది, భయం ఆనాటి రాత్రి వీధులది. కనుక దానిని ఈ నగరపు రచనగానే లెక్కించాలి. చదువు కోసం ఏటా లీడ్స్‌కు వచ్చే తెలుగు విద్యార్థులు విశ్వవిద్యాలయానికి పోయే దారిలో ఉడ్‌హౌస్ లేన్ మీదుగానే నడుస్తారు. ది హూ ఫలకం వద్ద ఆగేవారు రోడ్డు దాటి ఫెంటన్‌ను కూడా చూసి రావడం మంచిది.